సుమ్మా ఉండేదాని చెయ్యి

ఎడం చేత్తో అంట్లు తోముతా ఉండా. మా తోడికోడలు మోహన మంచం మీద కట్టుకాలు చాపుకోని కూర్చోనుండాది. మా అత్త పచ్చయమ్మ దానికి హార్లిక్స్ కలిపిస్తా ఉండాది. నాకు కడుపు మండిపోతా ఉండాది. దాచేదేముంది, కుళ్లే.

ఇద్దరమూ ఒకే షేర్ ఆటోలో కే.వి.కుప్పం నించి గుడియాత్తం వస్తా ఉంటే కారు వచ్చి గుద్దింది. దానికి కాలు విరిగె, నాకు కుడిచెయ్యి విరిగె. ఆ ఒక్క నిమిషమే మేమిద్దరం సమానం.

పోయిన వారం నష్టపరిహారం కేసు వేసేదానికి నా మొగుడు ఆరుముగం మమ్మల్నిద్దర్నీ వేలూరు కోర్టు కాడ ఉండే వక్కీలమ్మ జెసింత దగ్గరికి పిలుచుకోని పోయినాడు. మోహన చెప్పుల కంపెనీ జీతం కాగితం తీసి బల్ల మీద పెట్టింది. వక్కీలమ్మ మొహం వెలిగిపోయింది. ఫీజు అడిగితే మోహన టక్కని ఫోన్ తీసి దుడ్డు పంపించేసింది. తన మొగుని జేబు దిక్కు చూడనే లేదు. అబ్బా, దాని చీరలు చూసినా, కమ్మలు చూసినా ఏనాడూ నాకు అంత కుళ్లు పుట్టలా.

"నీకెంతమ్మా సంపాదన?" అని వక్కీలమ్మ నన్నడిగింది. నేను నోరు తెరిచేలోగా నా మొగుడు అందుకున్నాడు. "ఇదా? ఇంట్లో సుమ్మా, ఊరికే ఉండాది మేడం. దీనికి ఫీజు దండగ. మా తమ్ముని పెండ్లాం కేసు గట్టిగా నడపండి, చాలు."

సుమ్మా అంట, సుమ్మా! పద్దెనిమిదేండ్లుగా ఆయన మగ్గానికి కండెలకి నూలు చుట్టింది ఎవురు? నూలు ఆరబెట్టింది ఎవురు, తెగిన పోగులు అతికింది ఎవురు? మా వీధిలో ప్రతి మగ్గం పక్కనా ఒక ఆడది రాట్నం తిప్పతా ఉంటాది. నేతగాళ్ల సొసైటీ పుస్తకంలో మాత్రం మగోని పేరే. "సంపాదనకి ఏదన్నా కాగితం దొరికితే తీసుకురామ్మా" అని పంపించేసింది వక్కీలమ్మ.

ఇప్పుడు నా మొగుడు అరుగు మీద బీడీ కాలుస్తా అత్తతో గొణుగుతా ఉండాడు. "రెండు నెలలాయ మా మగ్గం పండుకోని. దీని చెయ్యి బాగయ్యేదాకా కండెలు ఎవురు చుడతారు?"

అంట్లు అట్లే వదిలేసినా. చెయ్యి కడుక్కోని పోయి సామి పటం వెనక ఉండే సొసైటీ పుస్తకం తీసి చూసినా. వారం వారం ఇన్ని లుంగీలు నేసి ఇచ్చినామని రాసుండాది. కారు గుద్దిన తేదీ తర్వాత ఒక్క గీత కూడా లేదు.

నేరుగా మోహన కాడికి పోయినా. సిగ్గిడిచి అడిగినా. "మోహనా, ఫీజుకి దుడ్డు అప్పుగా ఇయ్యి."

"దానికేముంది శరణ్యక్కా" అని అప్పుడే ఫోన్ తీసింది. ఎవుర్నీ అడక్కుండా ఇయ్యగలిగినందుకు మళ్లా కుళ్లుకున్నా.

పుస్తకం సంచిలో పెట్టుకోని బయటికొస్తే మొగుడు లేచి అడ్డం నిలబడినాడు. "యాడికే? అది నా పేరున ఉండే పుస్తకం."

"వేలూరికి మామా. నీ పేరే, కాదన్లా. నీ రెండు చేతులూ బాగుండి రెండు నెలల్లో ఒక్క లుంగీ నేయలేదని ఇందులో రాసుండాది. అదే నా జీతం కాగితం."