ఒకే గీత ఉన్న కాగితం

వైద్య కళాశాల వెనక గదిలో అరచేతుల అచ్చులు తీసే పెద్దాయనను అందరూ సిరా మాస్టారు అంటారు. గోళ్ళ సందుల్లో నలుపు ఇరవై రెండేళ్ళుగా వదల్లేదు మరి. గాజుపలక మీద సిరా పరిచి, రోలరుతో చేతికి పూసి, తెల్ల కాగితం మీద నొక్కడం ఆయన పని. వచ్చినవాళ్ళు భయంతో చెయ్యి బిగబట్టుకుంటారు. "బొటనవేలు మీది కాదనుకోండి. నాకొదిలెయ్యండి," అంటాడు. వాళ్ళు నవ్వుతారు, చెయ్యి వదులవుతుంది. అచ్చు కాస్త అలుక్కుపోయిందా, ఆ చాదస్తుడు ఎవరి ముఖమూ చూడడు, చించి పారేస్తాడు.

ఆ గదిలో మూడు బీరువాలు: కొండవాళ్ళది, తీరంవాళ్ళది, మైదానంవాళ్ళది. అరచేతిలో పైనుండే రెండు అడ్డగీతలు కొందరికి కలిసిపోయి, ఒకే గీతగా ఈ చివర నుంచి ఆ చివరకు సాగుతాయి. ఆ ఒంటిగీత ఏ జనంలో ఎంతమందికి ఉందో తేల్చడానికే ఈ కాగితాలన్నీ. కొండవాళ్ళలో అది తరచుగా కనిపించింది. మాస్టారి సొంతవాళ్ళయిన మైదానంవాళ్ళలో బహు తక్కువ.

లెక్కపెట్టే మనిషి చాలక, ఈ పరిశోధన చేయిస్తున్న డాక్టరమ్మ ఈ సెలవుల్లో మాస్టారి కూతురినే పెట్టుకుంది. ఇంట్లో ఆమెను పిచ్చుక అంటారు. ఇరవయ్యేళ్ళు వచ్చినా పిచ్చుకే. ఆమె మూడో బీరువా దగ్గరకు వచ్చేలోపు అందులోంచి ఒక కాగితం తీసెయ్యాలని మాస్టారు రోజూ అనుకున్నాడు, రోజూ రేపన్నాడు. అసలు సంగతి పిల్లకు చెప్పెయ్యమని భార్య బతికున్నన్నాళ్ళూ పోరింది. అదీ రేపే అయింది. రేపనడంలో ఆయనంత ఘనుడు లేడు.

ఆ రోజు టీ తాగి వచ్చేసరికి మూడో బీరువా తెరిచి ఉంది. పిచ్చుక చేతిలోని భూతద్దం కింద ఒంటిగీత ఉన్న ఒక చిన్న అరచేతి అచ్చు ఉంది.

కాగితాల మీద పేర్లుండవు. ఆరేళ్ళ ఆడపిల్ల, తండ్రి మైదానం, తల్లి మైదానం అని మాత్రం ఆయన గుండ్రటి రాతలో ఉంది. కానీ ఎవరి చెయ్యి వాళ్ళకు తెలియదా? చిటికెనవేలి కింద గాజుపెంకు తెగిన మచ్చతో సహా అచ్చయింది.

"నాన్నా, ఇది నాదే కదా?"

"నీదేనమ్మా."

"మనవాళ్ళలో కూడా ఎక్కడో ఒకరికి ఇలా వస్తుంది. అలా వచ్చిందేనా?"

తప్పించుకోవడానికి పిల్లే దారి చూపించింది. అవునంటే సరిపోయేది. అనడానికి నోరు తెరిచాడు కూడా. కాదంటే పిల్ల తనకు కాకుండా పోతుందేమోనన్న భయం ఆయనకు పద్దెనిమిదేళ్ళ నుంచీ ఉంది. కానీ ఆమె కళ్ళు చూశాక అవునని అనలేకపోయాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"కాదమ్మా. కొండదారిలో బస్సు బోల్తా పడిన రోజు నిన్ను ఇక్కడి ఆసుపత్రికి తెచ్చారు. రెండేళ్ళు నీకు. మీవాళ్ళెవరూ మిగల్లేదు. నాకు క్యారేజీ తెచ్చిన మీ అమ్మ నిన్ను ఎత్తుకుంది, ఇక దించలేదు."

తల్లి మైదానం అన్న అక్షరాల మీద పిచ్చుక వేలు పెట్టింది. కళ్ళు నిండాయి. "అలుక్కుపోయిన అచ్చునే ఉంచరు మీరు. ఇక్కడ అబద్ధం ఎలా రాశారు?"

"రాసేటప్పుడు అబద్ధమని తోచలేదమ్మా. బీరువా మూసి ఇంటికెళ్ళాక, నీ చేతి సిరా కడుగుతుంటే గుర్తొచ్చింది."

ఆమె కళ్ళు తుడుచుకుంది. కాగితం పైన 'లెక్కలో చేర్చకూడదు' అని రాసింది. తర్వాత గాజుపలక ముందుకు లాగి సిరా పరిచింది.

"చెయ్యి ఇలా ఇవ్వండి."

"నాదెందుకమ్మా?"

"కాగితం సగం ఖాళీగా ఉంది."

రోలరు తగిలేసరికి మాస్టారి చెయ్యి చెక్కలా బిగిసింది. ఎన్ని వేల చేతులను ఊరడించాడో, సొంత చెయ్యి మాట వినలేదు.

"బొటనవేలు మీది కాదనుకోండి నాన్నా," అంది పిచ్చుక. "నాకొదిలెయ్యండి."

చిన్న చెయ్యి పక్కన పెద్ద చెయ్యి పడింది. బిగిసిన వేళ్ళకి అచ్చు బాగా అలుక్కుపోయింది. ఆయన దాన్ని చించలేదు.