నూకాలమ్మ ఛీ

బచేలిలో తాతబాబు షెడ్డు తలుపు తీయగానే ముందు చీపురు పని మొదలయ్యేది. అతని పెళ్ళాం చిన్నమ్మి రాత్రి పేరుకున్న ఎర్రదుమ్మును ఊడ్చి పోగు పెట్టేది. ఆ పోగు ఎత్తేలోపు ఇనుప ఖనిజం నింపుకున్న గూడ్సు ఒకటి కిరండూల్ వైపు నుంచి వచ్చి, ఊడ్చిన చోట ఇంకో పొర పరిచి పోయేది. గనులు జోరుగా తవ్వుతున్న రోజులవి. ఆరేసిన పంచె సాయంత్రానికి కావిరంగు తిరిగేది. దువ్వెన తీస్తే ఎరుపు, చెవి తుడుచుకుంటే ఎరుపు, పళ్ళ మధ్య ఎప్పుడూ కరకర. చెప్పుకోవడానికే రోతగా ఉంటుంది గానీ, అక్కడివాళ్ళు దాన్ని తింటూనే పిల్లల్ని కన్నారు, పెళ్ళిళ్ళు చేశారు.

ఊడ్చాక చిన్నమ్మి అత్తగారిని చెయ్యి పట్టుకుని తెచ్చి పీట మీద కూర్చోబెట్టేది. అత్తగారి పేరు నూకాలమ్మ. రైలు లైను వేసిన కొత్తలో విజయనగరం వైపు నుంచి గ్యాంగుమన్ నీలకంఠం పెళ్ళాంగా వచ్చింది. ఆవిడ పని ఛీ కొట్టడం.

తాతబాబు పాత ట్రాక్టర్లు, నూర్పిడి మిషన్లు, దమ్ము చక్రాలు బాగుచేసేవాడు. ఏళ్ళ తరబడి పాకల వెనక పడి ఉన్నవి, కోళ్ళు పెంట వేసినవి, గ్రీజూ మట్టీ కలిసి రాయిలా బిగిసినవి వచ్చేవి. వాటిని నూకాలమ్మ ముందు నిలబెడితే ఆవిడ పైనుంచి కిందిదాకా చూసి, మొహం చిట్లించి "ఛీ!" అనేది. మట్టి, తుప్పు, జిడ్డు పెచ్చులు పెచ్చులుగా ఊడి కింద పడేవి. చిన్నమ్మి వాటిని గంపకెత్తి పారబోసేది. ఉసూర్ నుంచీ మరైగూడ నుంచీ కూడా రైతులు బండ్లు వేసుకొచ్చేవారు. ముసలమ్మ నోటితో కడుగుతుందట అని ఎవరూ నోరు తెరిచింది లేదు. వరస ఎప్పుడొస్తుందని మాత్రమే అడిగేవారు.

దానికో పద్ధతి ఉంది. చక్రాలకూ చాసిస్‌కూ దగ్గరగా, ఎదురుగా నిలబడి గట్టిగా కొట్టాలి. వైర్ల మీద ముందే గోనె కప్పాలి. రేడియేటర్ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ దూరంగా జరిగి, మొహం పక్కకు తిప్పి, చీరకొంగు సగం నోటికి అడ్డం పెట్టుకుని మెల్లిగా అనేది. లేకపోతే ఆ పల్చటి రేకులు వంగిపోతాయి. ఇంకో పద్ధతి కూడా ఉంది, అది తాతబాబు కనిపెట్టింది. పని అయ్యేదాకా తల్లికి కాఫీ ఇవ్వకూడదు. కాఫీ పడితే ఆవిడకు దేని మీదా రోత పుట్టదు, ఉత్తుత్తి ఛీకి చిటికెడు మట్టి కూడా రాలదు. అందుకని ముసలిదాన్ని కడుపు కాల్చి కూర్చోబెట్టేవాడు. షెడ్డు నడవాలి కదా అనేవాడు. ఇంతకన్నా రోత పని ఆ షెడ్డులో ఇంకోటి జరగలేదని అనుకుంటాం గానీ, జరిగింది.

మనుషుల మీద మాత్రం ఆవిడ ఛీ కొట్టేది కాదు. ఒక్కసారే కొట్టింది, మొగుడి మీద. నీలకంఠం ఇప్పసారా తాగి, దారంతా పాడుకుంటూ, పకపకా నవ్వుకుంటూ వచ్చేవాడు. ఒకరోజు గుమ్మంలోనే కక్కాడు. ఆవిడ మొహం మీద మొహం పెట్టి "ఛీ!" అంది. తాగుడు ఆ క్షణాన్నే రాలిపోయింది. దాంతోపాటు పాటా, నవ్వూ రాలిపోయాయి. ఆ తర్వాత ఆయన సుత్తి పట్టుకుని లైను మీదికి వెళ్ళేవాడు, వచ్చేవాడు, తినేవాడు, పడుకునేవాడు. పోయేదాకా ఒక్కసారి నవ్వలేదు. నూకాలమ్మ ఆయన పక్కన పడుకుని ఎన్నిసార్లు ఏడ్చిందో ఆవిడకే తెలుసు.

అలాంటి నూకాలమ్మకు ఒక ఎండాకాలం రోత పుట్టడం మానేసింది. మద్దేడ్ వైపు నుంచి ఆయతు అనే దొర్ల తెగ రైతు తన ట్రాక్టర్ తెచ్చి షెడ్డులో పెట్టాడు. ఎప్పటిదో పాత బండి. వానలు పడగానే తన పొలం, చుట్టాల పొలాలు దానితోనే దున్నాలి. ఎద్దుల్ని అమ్మేసి మరీ కొన్నాడు. దాని అడుగంతా జిడ్డు, సీటు కింద ఎలుక చచ్చి ఎండి అతుక్కుపోయి ఉంది. చిన్నమ్మి ముక్కు మూసుకుంది. నూకాలమ్మ మాత్రం చాలాసేపు చూసి "పాపం!" అంది.

"పాపమేటే అమ్మా! ఛీ అను," అన్నాడు తాతబాబు.

"రావట్నేదురా. మట్టికేటి తెలుసు, అంటుకుంది. ఎలకైనా నీడ కోసమే కదా దూరింది."

"ఆ ఎలకని సూడు, ఎలాగుందో!"

"సూసినాను. పాపం."

ఇక లాభం లేదని తాతబాబు, నీళ్ళు జోరుగా చిమ్మి కడిగే ప్రెషర్ వాషర్ కొనడానికి పెళ్ళాంతో జగదల్‌పూర్ వెళ్ళాడు. దుకాణం గుమ్మానికి రెండువైపులా గుట్కా ఉమ్ములు, లోపల కిరసనాయిలు కంపు. వాటి మధ్య మూడు మిషన్లు మెరుస్తూ ఉన్నాయి. ఒకటి స్కూటర్లు కడిగే చిన్న కరెంటు మిషను. రెండోది నూట ఇరవై బార్ ఒత్తిడిది, దెబ్బ తక్కువ, నీళ్ళు ఎక్కువ. మూడోది పెట్రోలు ఇంజనుది, రెండొందల యాభై బార్, గనుల డంపర్లు కడగడానికి.

సేఠ్ రెండోదాని మీద చెయ్యి వేశాడు. "పాత ట్రాక్టర్‌కి ఇది చాలు భయ్యా. ముందు రాత్రి మట్టి నానబెట్టుకో. వెడల్పు నాజిల్ పెట్టు. బేరింగులకీ సీళ్ళకీ ఎదురుగా కొట్టకు, నీళ్ళు లోపలికి దూరతాయి."

"నాకు అదంతా సెప్పకు సేఠ్‌జీ. మా అమ్మ మంచి వయసులో కొట్టిన ఛీకి ఏది సమానం?"

సేఠ్‌కు ఆ ఛీ తెలుసు. అతని మావగారి నూర్పిడి మిషను నూకాలమ్మ కడిగిందే. "అమ్మ ఛీకి ఏదీ రాదు. దగ్గరికి వచ్చేదంటే పెద్దదే. కానీ అది..."

"పెద్దదే కట్టు," అన్నాడు తాతబాబు.

"మజ్జిలోది తీసుకో. అత్త అన్నింటికీ గట్టిగా కొట్టదు కదా," అంది చిన్నమ్మి.

అతను వినలేదు. తల్లి బలం లెక్కలోకి తీసుకున్నాడు గానీ, తల్లి ఎక్కడ వెనక్కి జరిగేదో, ఎక్కడ కొంగు అడ్డం పెట్టుకునేదో లెక్కలోకి తీసుకోలేదు. పక్కనే నిలబడి ఇన్నేళ్ళు చూసినవాడు చేసే పనేనా అది!

మర్నాడు షెడ్డులో ఆ పెట్రోలు మిషను మొరిగింది. సన్న నాజిల్ పెట్టి, ఆయతు బండికి ఎదురుగా నిలబడి తాతబాబు కొట్టిందే కొట్టాడు. జిడ్డు పోయింది, ఎలుక పోయింది, వాటితో పాటు రంగు పోయింది. రేడియేటర్ రేకులు నలిగాయి. ఎర్రటి, నల్లటి బురద చిందులు గోడలకూ, చిన్నమ్మి చీరకూ, తిండి గిన్నెలకూ పడ్డాయి. ఇంత కంపు ఆ షెడ్డులో ఎప్పుడూ లేదు. సాయంత్రం తాతబాబు గేర్‌బాక్సులోంచి కాస్త ఆయిలు తీసి చూస్తే పాలు ఎక్కువైన టీలా ఉంది. నీళ్ళు లోపలికి దూరాయన్నమాట. అలాగే నడిపితే పొలం మధ్యలో గేర్లు పట్టేస్తాయి. మొత్తం విప్పి, కడిగి, సీళ్ళు మార్చాలి. అతను అటూ ఇటూ చూసి, వేళ్ళు గుడ్డకు తుడుచుకుని, ఆ గుడ్డను టైర్ల వెనక్కి తోశాడు. తర్వాత రంగు లేచిన చోట్ల లప్పం పెట్టి, పైన ఎర్రరంగు కొట్టాడు.

పీట మీద కూర్చున్న తల్లి సంగతి అతనికి గుర్తే లేదు. ఛీ రాని ముసలిదాన్ని ఎవరు పట్టించుకుంటారు! ఆవిడ గుడ్డనూ చూసింది, లప్పాన్నీ చూసింది. ఆ రాత్రి అన్నం కలిపి, తినకుండా పళ్ళెం పక్కకు పెట్టేసింది.

ఆయతు మబ్బు పట్టిన రోజున వచ్చాడు. భుజాన చింతపండు మూట ఉంది.

"ఏంది తాతబాబు, బండి తయారా? మా తాన రెండు చినుకులు కూడా పడ్డయి."

"ఎప్పుడో తయార్! ఇంజను, గేర్లు అన్నీ సూసినాను. పెళ్ళికొడుకులాగ లేదూ?"

ఆయతు బండి చుట్టూ తిరిగాడు. కొత్త రంగు మీద అరచెయ్యి పెట్టి మురిసిపోయాడు. "అవ్వే కడిగిందా?"

"ఇంకెవులు కడుగుతారు? అమ్మే కడిగింది," అన్నాడు తాతబాబు.

ఆయతు మూట తెచ్చి నూకాలమ్మ కాళ్ళ దగ్గర పెట్టి దణ్ణం పెట్టాడు. "నీ నోటి చలువ అవ్వా. ఇగ ఈ ఏడు నాకు బెంగ లేదు."

నూకాలమ్మ మొహం చిట్లించింది. ఎలుకను చూసినా చిట్లించని మొహం అది. ఆవిడ లేచి నిలబడింది. అంత రోత ఆవిడకు మొగుడు గుమ్మంలో కక్కిన నాడు కూడా పుట్టలేదు. కొడుకు నవ్వుతూ తాళం చెవి ఆయతుకు అందిస్తున్నాడు. ఆ నవ్వు నీలకంఠం నవ్వే, అచ్చు అలాగే ఒక పక్కకు లాగుతుంది. అది రాలిపోతే మళ్ళీ రాదు.

చిన్నమ్మి అత్తగారి మొహం చూసి అడ్డం వచ్చింది. "అత్తా, వద్దత్తా! మామయ్యని మర్సిపోనావా? నీకు దణ్ణవెడతాను."

నూకాలమ్మ కొడుకు వైపు కాకుండా వెనక్కి నడిచింది. చేత్తో గోడ తడుముకుంటూ షెడ్డు దాటి, గేటు దాటి, రోడ్డు అంచున ఆగింది. మొహం పక్కకు తిప్పింది. చీరకొంగు సగం నోటికి అడ్డం పెట్టుకుంది. రేడియేటర్‌కు కొట్టినట్టు, మెల్లిగా, "ఛీ" అంది.

తాతబాబు చెయ్యి తాళం చెవితో గాలిలోనే ఆగిపోయింది. అతని భుజాల మీంచి, మెడ మీంచి ఎండిన లప్పంలాంటి బూడిదరంగు పెచ్చులు నాలుగైదు రాలి కాళ్ళ దగ్గర పడ్డాయి. వాటినుంచి పుల్లటి పాడువాసన వచ్చింది. చిన్నమ్మి అలవాటు కొద్దీ చీపురు తెచ్చి ఊడ్చేసింది.

"ఆయతూ," అన్నాడు తాతబాబు. "ఈ బండి ఎక్కకు. గేర్‌బాక్సులోకి నీళ్ళెల్లిపోనాయి. నానే పోసినాను. సూసి కూడా పైన రంగేసినాను. అమ్మ కడగనేదు."

ఆయతు బండి చక్రానికి చేరబడి కూలబడ్డాడు. "ఎడ్లు అమ్ముకున్న తాతబాబు. వాన వచ్చె. నన్ను ఆగం జేసినవు గద."

"జేసినాను. షెడ్డు ఎనకున్న నా సొంత ట్రాక్టర్ తోలుకెల్లు. నీది ఇప్పి బాగుసేసి నానే మద్దేడ్ తెస్తాను. అప్పుడు మార్సుకుందాం."

ఆయతు అతని మొహంలోకి చూశాడు, నమ్మాలో వద్దో తెలియక. చివరికి తాతబాబు సొంత ట్రాక్టర్ తాళం తీసుకున్నాడు. థాంక్స్ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. బండి గేటు దాటుతుంటే నూకాలమ్మ పక్కకు జరిగింది. చింతపండు మూట మాత్రం పీట దగ్గరే ఉండిపోయింది.

ఆవిడ లోపలికి రాలేదు. రోడ్డు అంచున నేల చూస్తూ నిలబడింది. తలెత్తితే కొడుకు మొహం కనపడుతుంది. అందులో ఏం మిగిలిందో, ఏం రాలిపోయిందో చూసే ధైర్యం లేదు. చినుకులు మొదలయ్యాయి. గోడల మీది దుమ్ము ఎర్రటి చారికలుగా కారుతోంది. షెడ్డులో రెంచీ చప్పుడు మొదలైంది, కాసేపటికి ఆగింది. అడుగులు దగ్గరికి వచ్చాయి.

"అమ్మా, వానలో నిలబడినావేటి?" అన్నాడు తాతబాబు. తర్వాత ఏదో గుర్తొచ్చినవాడిలా, "పొద్దున కాపీ తాగినావా?" అని అడిగాడు.

ఆ మాట అతని నోటి నుంచి విని ఎన్నేళ్ళయిందో! నూకాలమ్మకు కోపం ముంచుకొచ్చింది.

"ఎవుడు పోసినాడ్రా నాకు కాపీ? మీ షెడ్డు ఎట్టినకాడ నుంచీ పొద్దుటి కాపీ మొకం సూసినానా?"

తాతబాబు సిగ్గుతో తల దించుకున్నాడు. దించుకునే నవ్వాడు. నూకాలమ్మ అప్పుడు తలెత్తి చూసింది. నవ్వు ఒక పక్కకు లాగింది.

"పద," అంది ఆవిడ, కొడుకు చెయ్యి పట్టుకుని. "పంచదార ఎక్కువెయ్యమను."