ఏడో బల్ల

ఉప్పు సీసాను అటు జరిపి, మళ్ళీ ఇటు జరిపి, ఆమె స్తంభం వైపు చూసింది. టీ తాగి లేచిన నీలం సంచీ ఆయన ఇంకా మలుపు తిరగలేదు. గుడ్డ చేతిలోనే ఉంది. ఆయన వీపు స్తంభం వెనక్కి పోయాకే దాన్ని బల్ల మీద వేసింది.

"ఏమ్మా, వాళ్ళని విమానం ఎక్కించి, బెల్టు కూడా పెట్టి వస్తావా?" అన్నాడు మేనేజరు, చేతి వాచీ మీద వేలితో కొడుతూ. ఆ అలవాటుకే పనివాళ్ళు ఆయనకి గడియారం అని పేరు పెట్టారు. "అక్కడ నలుగురు నిలబడి ఉన్నారు."

"అయిపోయిందండీ."

విమానాశ్రయంలోని ఆ చిన్న హోటల్లో పదకొండేళ్ళుగా ఆమె పని బల్లలు తుడవడం. తిన్నవాళ్ళు కనుమరుగయ్యేదాకా తుడవకపోవడం మాత్రం ఆమె సొంత నియమం. పెళ్ళైన నాలుగో ఏట ఒక ఉదయం భర్త చెప్పులు తొడుక్కుని, ఏదో ధ్యాసలో, ఒక్క మాటా లేకుండా పనికి వెళ్ళిపోయాడు. ఆ వెనకే ఆమె వాకిలి ఊడ్చింది. సాయంత్రం అతణ్ణి నలుగురు మోసుకొచ్చారు. అత్తగారు తిట్టలేదు. "వాడి అడుగు చల్లారకముందే ఊడ్చేశావు" అంది, అంతే. ఈ సంగతి ఆమె హోటల్ వంటాయనకి ఒక్కడికే చెప్పింది. అదీ ఉల్లిపాయలు తరుగుతూ, కళ్ళ నీళ్ళకి ఎవరూ కారణం అడగని వేళ.

పదకొండింటికి ఏప్రన్ విప్పి, గుడ్డ నాలుగు మడతలు పెట్టి కౌంటరు మీద ఉంచింది. పనివాళ్ళ దారిన బయటికి వెళ్ళి, ప్రయాణికుల వరసలో నిలబడి, రోజూ పలకరించే కాపలా మనిషి చేతే సంచీ వెతికించుకుని, మళ్ళీ అదే హోటల్లోకి వచ్చింది. ఒంటిగంటకి విమానం. ఎల్లుండి ఆపరేషన్. ఆమె కిడ్నీ ఒకటి తీసి తమ్ముడికి పెడతారు.

నిన్న ఫోన్లో తమ్ముడు నవ్వాడు. "చిన్నప్పుడు అరటిపండులో సగం ఇమ్మంటే ఇల్లెగిరిపోయేలా ఏడ్చేదానివి కదే అక్కా."

"అప్పుడున్నది ఒకటే పండురా. ఇవి రెండున్నాయి" అంది. సంతకం పెట్టిన కాగితంలో 'అరుదుగా ప్రాణాపాయం' అని ఉంది. డాక్టరు మొదటి మాటని నొక్కి చదివాడు. ఆమెకి రెండోదే వినబడింది.

ఏడో బల్ల దగ్గర కూర్చుంది. ఇన్నేళ్ళలో ఇక్కడ కూర్చోవడం ఇదే మొదలు. బల్ల అడుగున ఎవరో అంటించిన బబుల్‌గమ్ వేలికి తగిలింది. గోరు దానంతటదే గీకడం మొదలుపెట్టింది.

"చేతులు పైన పెట్టు వదినా. ఇవాళ నువ్వు మహారాణివి." వంటాయన స్వయంగా సూపు, రెండు రొట్టె ముక్కలు తెచ్చాడు. "ఉప్పు తక్కువైందన్నావంటే మాత్రం మర్యాద దక్కదు."

"ఎల్లుండి నుంచి ఎలాగూ చప్పిడేగా." చెంచా తీసి, మళ్ళీ గిన్నె పక్కనే పెట్టింది.

అతను గొంతు తగ్గించాడు. "భయమా?"

"వాడికేం కాదులే."

"నేనడిగింది నీ గురించి."

ఆమె రొట్టె కొరికింది. ముద్ద నోట్లోనే తిరుగుతోంది, దిగడం లేదు. భయపడే ప్రయాణికుల్ని ఆమె ఇట్టే పోల్చుకునేది. వాళ్ళు తినరు, కాగితం రుమాలు మెలిపెడతారు. ఒళ్ళోకి చూసుకుంది. రుమాలు వత్తిలా తిరిగిపోయి ఉంది.

"నేను లేచాక ఈ బల్ల..." అంది. లోపల్నుంచి ఎవరో కేకేస్తే వంటాయన పరుగెత్తాడు.

విమానం పిలుపు వినబడింది. లేచింది. అరచెయ్యి అలవాటుగా బల్ల మీది రొట్టె పొడిని ఒకచోటికి చేర్చేస్తోంది. చురుక్కుమన్నట్టు వెనక్కి లాక్కుంది. తన అడుగు తనే ఊడ్చుకోబోయింది. రుమాలు గిన్నె పక్కన పడింది.

గడియారం వచ్చి నిలబడ్డాడు. చేతిలో ఆమె మడిచిపెట్టిన గుడ్డ. ఆయన వెనక ట్రేలు పట్టుకుని ముగ్గురు. వెళ్ళొస్తానండీ అని చెప్పాలి. 'వెళ్' దాకా నాలుక మీదికి వచ్చింది, 'వస్తా' రాలేదు. సగం మాట అనడం కన్నా అనకపోవడమే నయమనిపించింది. సంచీ తీసుకుని నడిచింది.

స్తంభానికి ఇరవై రెండు అడుగులు. ఇన్నేళ్ళూ ఇతరులవి లెక్కపెట్టింది. వెనక్కి చూడకూడదనుకుంది. కానీ స్తంభానికి తొడిగిన స్టీలు రేకులో వెనకున్నదంతా కనిపిస్తుంది.

"ఇంకా తుడవరేంటండీ?" అంటున్నాడు ట్రే పట్టుకున్న ఒకాయన.

గడియారం వాచీ చూసుకోలేదు. ఉప్పు సీసాను అటు జరిపాడు. మళ్ళీ ఇటు జరిపాడు.

ఆమె మలుపు తిరిగింది.

ఏడో బల్ల మీద, సగం మిగిలిన సూపు పక్కన, మెలి తిరిగిన కాగితం రుమాలు మెల్లగా విచ్చుకుంటోంది.