సముద్రం అని రాసిన టేపు

నేను ఒక టేపు చుట్టను. భోజనం పళ్లెమంత ఉంటాను. ఒంట్లో ఉన్నదంతా తుప్పురంగు పూసిన సన్నటి పట్టీ. విప్పితే వీధి చివరిదాకా వస్తాను. ఎక్కడ పుట్టానో గుర్తులేదు గాని, పెరిగింది మాత్రం ఒక రేవు పట్నంలో, పరిశోధనా కార్యాలయంలో, బీరువాలంత మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్ పక్కన. మొదట్లో జీతాల లెక్కలు మోశాను. తర్వాత ఇందుమతిగారి చేతికొచ్చాను.

ఆవిడ సముద్రాన్ని కొలిచే మనిషి. ఆటుపోట్లూ, తుఫాను రోజుల నీటిమట్టాలూ, వయసంతా ధారపోసి కొలిచినవన్నీ నాలోకి ఎక్కించారు. నా మీద చీటీ అంటించి తెలుగులో ‘సముద్రం’ అని రాశారు. అంత పెద్ద పేరు మోయడం నాకు గర్వంగానే ఉండేది. అలలు రాకుండా జాలరిపేటకు అడ్డంగా కట్టబోయే గోడ ఎంత ఎత్తుండాలో ఆ కొలతలే చెప్పాలి.

మెయిన్‌ఫ్రేమ్‌కు నా ముఖం తెలియదు. ఏ పేరుగల సమాచారం ఏ టేపులో ఉందో చెప్పే కేటలాగు ఒకటి దాని దగ్గరుంటుంది. అందులోంచి పేరు తీసేస్తే నాలో ఒక్క అంకె కూడా చెరగదు. కాకపోతే ఖాళీ టేపుల అరలోకి పోతాను. అక్కడ ఎవరైనా నా మీద కొత్త లెక్కలు ఎక్కించేస్తే, ఇక పాతవి నిజంగానే పోయినట్టు.

త్రినాథ్ అని కొత్త ప్రోగ్రామర్ వచ్చాడు. చురుకైనవాడే, ఆ చురుకే కాస్త ఎక్కువ. పాత పరీక్షల తాలూకు పేర్లు కేటలాగులో పేరుకుపోయాయని, పండక్కి ఇల్లు దులిపినట్టు దులపబోయాడు. ఒక్కో పేరూ కొట్టడానికి బద్ధకించి, మొదటి అక్షరాలు కొట్టి చివర నక్షత్రం గుర్తు పెట్టాడు. ఆ అక్షరాలతో మొదలయ్యే పేర్లన్నీ ఎగిరిపోయాయి. వాటిలో నా పేరూ, నా నకలున్న టేపు పేరూ ఉన్నాయి. కుర్రాడు కాలరెగరేసి టీకి వెళ్లాడు.

మర్నాడు ఆయుధపూజ. టేపుల గది చూసుకునే సింహాచలం పసుపూ కుంకుమా తెచ్చాడు. ఆయన ఇల్లు ఆ జాలరిపేటలోనే. ఖాళీ టేపుల అరలోకి చేరిన నా చీటీ చదివి, నాకు నిండుగా బొట్టు పెట్టాడు. ఆఫీసరు మండిపడ్డాడు.

“బుద్ధుందా నీకు? ఆ పొడి లోపలికి పోతే మెషీను పాడైపోదూ?”

“సంద్రమని రాసుంది కద బాబూ. గంగమ్మ తల్లి. సూసి సూసి బొట్టెట్టకుండా ఎలాగ ఒగ్గీమంటారు?”

తుడిచేదాకా వాడొద్దని నన్ను మూల బల్ల మీదికి తోయించారు. సాయంత్రానికల్లా అరలో మిగిలిన టేపులన్నిటి మీదా కొత్త లెక్కలు ఎక్కాయి. నా నకలు కూడా వాటిలోనే పోయింది.

ఆ మర్నాడు ఇందుమతిగారు కొలతలు అడిగితే, ఆ పేరుతో ఏమీ లేదంది మెయిన్‌ఫ్రేమ్. త్రినాథ్ ఆవిడ ముందుకొచ్చాడు.

“నేనే మేడమ్... చూసుకోకుండా కొట్టేశాను.”

ఆవిడ తిట్టలేదు. కుర్చీలో కూలబడ్డారు. “గోడ ఎత్తు ఇక గుడ్డిగా చెప్పాలా నాయనా? రేపు పేట మునిగితే?”

ఆ గొంతు విని నా ప్రాణం ఉసూరుమంది. ఇక్కడే ఉన్నానని అరవాలనిపించింది, నోరేదీ? త్రినాథ్ పరిగెత్తుకొచ్చి అరలన్నీ గాలించడం మొదలుపెట్టాడు.

“ఏటి ఎతుకుతున్నారు బాబూ?” అన్నాడు సింహాచలం.

“సముద్రం అని రాసిన టేపు.”

“అదా! బొట్టెట్టినానని ఆఫీసరుబాబు తిట్టి, ఆ మూల పడీయించినారు.”

త్రినాథ్ తన జేబురుమాలుతో నన్ను పదేపదే తుడిచి యంత్రానికి ఎక్కించాడు. తెర మీద అంకెలు ఒక్కొక్కటే వస్తుంటే ఇందుమతిగారు ఏడ్చేశారు. కేటలాగులో నా పేరు మళ్లీ ఎక్కింది.

ఏళ్ల తర్వాత, నాలోని కొలతలు కొత్త కంప్యూటర్లలోకి చేరాక, నా పేరు రెండోసారి తీసేసిందీ త్రినాథే. ఈసారి నక్షత్రం జోలికి పోలేదు. పేరంతా అక్షరం అక్షరం కొట్టి, “తీసెయ్యమంటారా మేడమ్?” అని అడిగి మరీ తీశాడు. ఇందుమతిగారు నన్ను ఇంటికి తెచ్చుకున్నారు.

మొన్న తుఫాను వెలిశాక సింహాచలం చేపలు పట్టుకుని వచ్చాడు. జుట్టంతా నెరిసిపోయింది.

“గోడ కాడిదాకా వొచ్చి ఎనక్కెల్లిపోనాదమ్మా సంద్రం. మా గడప తడవనేదు. అంతెత్తు కట్టాలని ఎవులు సెప్పినారో గానీ!”

ఇందుమతిగారు అలమరలో ఉన్న నన్ను చూపించారు. “అదిగో, నువ్వు బొట్టు పెట్టి తిట్లు తిన్నావే, అదే చెప్పింది.”

ఆయన దగ్గరికొచ్చాడు. నా అంచున ఇంకా పోని కుంకుమను వేలితో తాకి చూశాడు. ఆ తర్వాత, ఏ కేటలాగులోనూ పేరులేని నాకు, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.