వద్దన్న చెయ్యి

నేను ఒక నేతి జారీని. ఇత్తడి ఒళ్ళు, గుండ్రటి పొట్ట, అవసరానికి కాస్త మించిన ముక్కు. పెళ్ళి భోజనాల్లో ఆకులో పప్పు పడ్డాక జనమంతా మెడలు సాచి ఎవరి కోసం చూస్తారో, ఆ వచ్చేదాన్ని నేనే. పెళ్ళికొడుకు వస్తున్నప్పుడు కూడా అంత శ్రద్ధగా చూడరు. గొప్పకి చెప్పడం లేదు, అక్కడుండి చూసిన సంగతే చెబుతున్నాను.

పుట్టింది అజ్జరంలో. నన్ను తయారుచేసిన కంచరి ఇంటికి ఆ రోజు అల్లుడు వచ్చాడు. అల్లుడి గొప్పలు వింటూ, పైకి ఏమీ అనలేక సుత్తితో నా మీద కసి తీర్చుకోవడంతో ముక్కు అనుకున్నదానికంటే సాగిపోయింది. "పోనీలే, దూరం నుంచి పోసుకుంటారు" అని పక్కన పెట్టేశాడు. నా ముక్కు కథ అంతే.

మొదట నన్ను కొన్నవాళ్ళు కూతురి సారెలో పెట్టి పంపారు. అక్కడ అత్తగారు నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ ముక్కులోంచి పోస్తే నెల నెయ్యి వారానికే అయిపోతుంది" అని బీరువాలో పట్టుచీరల వెనక దాచేసింది. ఆ ఇంట్లో నేను నెయ్యి రుచి చూసింది తక్కువ, కలరా ఉండల వాసన పీల్చింది ఎక్కువ. కొన్నేళ్ళకి బీరువా తాళాలు కోడలి చేతికొచ్చాయి. ఆ పిల్ల చేసిన మొదటి పని నన్నిచ్చి ఒక స్టీలు టిఫిన్ క్యారియరు తెచ్చుకోవడం. మనుషులు ఒకరు భద్రంగా దాచినదాన్ని ఇంకొకరు భద్రంగా వదిలించుకుంటారు.

అలా పాత ఇత్తడి సామాన్ల కొట్లో పడి ఉండగా భ్రమరాంబగారు వచ్చింది. కోనసీమలో పెళ్ళిళ్ళకి వంటలూ వడ్డనలూ ఒప్పుకునే మనిషి. చెయ్యి ఊపితే మూడు గాజులే మోగినా, గుంపంతా సద్దుకుని నిలబడుతుంది. ఆవిడ నాలో నీళ్ళు పోయించి, కొట్టువాడి అరచేతిలో వంచి, చటుక్కున ఎత్తింది.

"చూశావా, చివరి చుక్క కారకుండా వెనక్కి పోయింది. పట్టుచీరల మీద పడదు. దీన్ని తీసుకుంటున్నా" అంది.

నా పుట్టుకకి ఒక అర్థం ఉందని నాకు తెలిసింది అప్పుడే.

ఇక అసలు కథ. భ్రమరాంబగారి ఊళ్ళో ఒక సినిమా హాలు మూతపడి ఫంక్షన్ హాలయింది. తెర ఉన్నచోట పెళ్ళి మండపం కట్టారు, కుర్చీలున్నచోట భోజనాల బల్లలు వేశారు. పాత పనివాళ్ళని మానిపించడం ఇష్టంలేక యజమాని వాళ్ళని భ్రమరాంబగారికి అప్పగించాడు. "వీళ్ళకి వడ్డన నేర్పించండి పిన్నిగారూ" అన్నాడు. అలా వచ్చినవాళ్ళే గేటు దగ్గర టికెట్లు చింపే సింహాద్రి, బుకింగ్ కౌంటర్లో కూర్చునే తాయారు.

శిక్షణ ఖాళీ హాల్లో జరిగేది. సగం మంది ఆకులు ముందేసుకుని చుట్టాల్లా కూర్చునేవారు, మిగతా సగం ఖాళీ బకెట్లతో వడ్డించేవారు. నాలో మంచినీళ్ళు. భ్రమరాంబగారు బల్లల మధ్య తిరుగుతూ పాఠం చెప్పేది.

"కుడి చేత్తో వడ్డన, ఎడమ అరచెయ్యి గిన్నె కింద. తుమ్మొస్తే వీధిలోకి పరిగెత్తండి. ఇద్దరు చుట్టాలు మొహాలు తిప్పుకుని కూర్చుంటే వాళ్ళ మధ్యలోంచి చెయ్యి పెట్టకండి, చెరోవైపు నుంచీ వెళ్ళండి. ఎవరి ఆకులోనైనా గారె మిగిలితే బాగాలేదా అని అడక్కండి, చివర్లో తినడానికి దాచుకునేవాళ్ళుంటారు. ఏయ్ సింహాద్రీ! అప్పడం ఎందుకు చింపావు?"

సింహాద్రి చేతిలోని అప్పడం సగం ముక్క వైపు తెల్లబోయి చూశాడు. పాపం, అలవాటు. ఏదిచ్చినా సగం చింపి మిగతా సగం చేతిలో పెడితేగాని అతనికి ఇచ్చినట్టు ఉండేది కాదు.

తాయారు సంగతి వేరు. నడక బాగుంది, చెయ్యి వణకదు, చుక్క ఒలకదు. నన్ను చింతపండుతో తోముతూ ఒకరోజు సింహాద్రితో అంది.

"ఇన్నేళ్ళూ ఈ ఊరికి నేను గొంతునేరా. ఆ టికెట్ల కన్నంలోంచి నాకు చేతులు కనపడేవి, వాళ్ళకి నా గొంతు వినపడేది. కూరల కొట్లో నా పక్కనే నిలబడి, కౌంటర్లో ఆవిడ ఒట్టి పెంకి ఘటం అండీ అని నాకే చెప్పేవారు. ఈ జారీ పట్టుకుంటే ఒక్కొక్కరి ముందూ నిలబడతాను. తలెత్తి నన్ను చూస్తారు."

"సాంబారు బకెట్టు పట్టుకున్నా చూస్తారు కదా తాయారక్కా?"

"సాంబారొస్తే బకెట్టులోకి చూస్తారు, ములక్కాడ ముక్క ఉందా లేదా అని. నెయ్యి వడ్డించేవాళ్ళ మొహంలోకే చూస్తారు, ఎంత పోస్తారో అని."

నేను మెరిశాను. తోమినందుక్కాదు, ఆ మాటకి.

మొదటి పరీక్ష ఒక ఓణీల ఫంక్షన్‌లో వచ్చింది. నాలో అప్పుడే కాచిన నెయ్యి, నిండుగా. తాయారు మొదటి ఆకు ముందు నిలబడి "నెయ్యండీ?" అంది.

"వద్దమ్మా" అన్నాడాయన.

"సరేనండి" అని ముందుకు వెళ్ళిపోయింది.

రెండో ఆయన వద్దన్నాడు, మూడో ఆవిడ అబ్బే వద్దంది. బంతి చివరిదాకా వెళ్ళినా నా బరువు తగ్గలేదు. వెనక్కి తిరిగి చూస్తే బంతిలో అందరూ పొడి పప్పన్నం కలుపుకోకుండా, వెళ్ళిపోయిన రైలు వంక చూసినట్టు నా వంక చూస్తున్నారు. ఒకాయన పక్కవాడితో, "చూపించి తీసుకెళ్ళిపోయిందండీ!" అన్నాడు.

భ్రమరాంబగారు వంటింట్లో తల పట్టుకుంది. "తాయారూ, మన వైపు నేతికి వద్దనడం అంటే నమస్కారానికి నమస్కారం పెట్టడమే అమ్మా. వాళ్ళు అంటారు, మనం పోస్తాం. అసలు వద్దో కాదో చేతిని చూసి పట్టాలి. ఆకు మీద అడ్డం పెట్టిన చెయ్యి వేళ్ళు దగ్గరగా ఉంటే నిజంగా వద్దని. వేళ్ళ మధ్య సందులుంటే నేతికి దారి వదిలారని."

"మరి నోటితో ఎందుకు వద్దంటారండి?"

"మర్యాద!"

తాయారు ఎంతకీ మింగుడుపడనట్టు చూసింది. ఆవిడ కొలువంతా టికెట్లు ఉన్నాయంటే ఉన్నట్టు, లేవంటే లేనట్టు గడిచింది మరి.

తరవాత గృహప్రవేశం. ఈసారి వద్దన్న ప్రతి ఒక్కరికీ తాయారు పోసేసింది. జనం సంతోషంగా "అయ్యయ్యో, చాలు చాలు" అంటున్నారు. బంతి చివర షుగరు ఉన్న పెద్ద పంతులమ్మగారు వేళ్ళు బిగించి మరీ అడ్డం పెట్టింది. తాయారు అప్పటికే జోరు మీదుంది. నెయ్యి ఆవిడ చేతి మీద పడి, వాచీలోకి దిగి, ముల్లు ఆగిపోయింది.

"నేను నిజంగానే వద్దన్నానమ్మా!"

"నిజంగా అని ముందే చెబితే పోయేది కదండీ!"

ఆ సాయంత్రం భ్రమరాంబగారు నన్ను బల్ల మీద పెట్టి, తాయారుని ఎదురుగా నిలబెట్టింది. "వచ్చే ఆదివారం పెళ్ళి, రెండు వైపులా ఈ ఊరివాళ్ళే. పెళ్ళికొడుకు మేనమామ గవర్రాజుగారు మొదటి బంతిలో కూర్చుంటారు. మర్యాద తక్కువైతే చెయ్యి కడుక్కుని లేచిపోయే మనిషి. ఆయన లేస్తే మగపెళ్ళివారి బంతంతా లేస్తుంది. వండిందంతా మనమే తినాలి. ఇదే నీకు ఆఖరి జారీ. కుదిరిందా సరే, లేదా గిన్నెల దగ్గర కూర్చో."

గిన్నెలు తోమేది హాలు వెనక గోడ అవతల. తాయారు నన్ను చూసింది, గోడని చూసింది. "ఆయ్, అలాగేనండి" అంది. గొంతులో మాత్రం పాత పెంకితనం లేదు.

ఆదివారం వచ్చింది. గవర్రాజుగారు పంచె అంచు సవరించుకుని మొదటి బంతి మధ్యలో కూర్చున్నారు. ఆయన కూర్చున్నాకే మిగతావాళ్ళు కూర్చున్నారు. పులిహోర వచ్చింది, కూరలు వచ్చాయి, వేడన్నం, ముద్దపప్పు వచ్చాయి. అప్పుడు తాయారు చేతిలో నేను.

"నెయ్యండీ?"

"వద్దమ్మా." చెయ్యి అడ్డం పెట్టారు. చూస్తే ఏముంది, రెండు వేళ్ళు దగ్గరగా, రెండు వేళ్ళు దూరంగా! భ్రమరాంబగారి పాఠంలో ఇలాంటి చెయ్యి లేదు.

"కొంచెం వేసుకోండి."

"వద్దు."

"ఒక్క చుక్కండీ."

"వద్దంటున్నానా!" గవర్రాజుగారి కనుబొమలు లేచాయి. పక్కవాళ్ళు అన్నంలో పెట్టిన చేతులు ఆపేశారు. ఆయన లేస్తే లేవడానికి ఇద్దరు ముగ్గురు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు కూడా. వంటింటి గుమ్మంలో భ్రమరాంబగారి గాజులు మోగాయి. మోగాయే కానీ, పొయ్యమనో వద్దనో మాకు అర్థం కాలేదు. సింహాద్రి చింపుతున్న అప్పడం చింపకుండా ఆపేశాడు.

అప్పుడు తాయారు ఎవరూ చెయ్యని పని చేసింది. నన్ను గుండెకి హత్తుకుని బల్ల ముందు గొంతుక్కూర్చుంది. కళ్ళు సరిగ్గా బల్ల అంచు మీదికి వచ్చేలా కూర్చుని, గవర్రాజుగారి చేతిని చూడసాగింది. మొహాలు చూసి మనుషుల్ని పోల్చడం ఆవిడకి ఎప్పుడు అలవాటయింది కనక!

పగడపు ఉంగరం. పక్కకి వంగిన చిటికెన వేలు.

తాయారు కళ్ళు పెద్దవయ్యాయి. నాకు ఆవిడ గుండె చప్పుడు పొట్టకి తగిలింది. ఆ చెయ్యి ఆవిడకి తెలుసు. కొత్త బొమ్మ పడినప్పుడల్లా కన్నంలోకి వచ్చి, "బాల్కనీ లేకపోతే వద్దు" అని, నేల టికెట్టు ఇచ్చేదాకా కన్నంలోనే ఉండిపోయే చెయ్యి. నిజంగా వద్దనుకున్నవాళ్ళ చెయ్యి ఆ మాటతోనే వెనక్కి పోయేది. ఇది పోయేది కాదు. ఇప్పుడూ ఆకు మీదే ఉంది, కాళ్ళు చాపుకుని కూర్చున్న చుట్టంలా.

తాయారు లేచి నిలబడింది. శిక్షణంతా మర్చిపోయింది. కన్నంలోంచి వచ్చే ఆ పాత గొంతుతో అంది:

"ఉన్నది ఇదే! కావాలా, వద్దా? వెనక జనం ఉన్నారు!"

గవర్రాజుగారి బుర్రకి అందేలోపే ఆయన చెయ్యి పైకి లేచి వెల్లకిలా తిరిగింది. "ఇచ్చెయ్ ఇచ్చెయ్!" అన్నారాయన, ఊపిరాడనట్టు.

నేను వంగాను. వేడన్నం మీద ధార పడింది.

ఆ గొంతు ఊళ్ళో అందరికీ తెలిసిందే. క్షణంలో బంతంతా కదిలిపోయింది. "నాకు! నాకు!" అని చేతులు లేచాయి. ఎవరో వెనక బంతిలోంచి "ఇటు రెండు!" అని అరిచారు. ఇంకొకాయన పక్కాయన భుజం మీంచి చెయ్యి దూర్చాడు. సింహాద్రి అప్పడాల బుట్టతో బల్ల మధ్యకి వచ్చి, "లైన్లో రండి, తోసుకోకండి!" అని కేకలు మొదలుపెట్టాడు. నెయ్యి అయిపోతుందని భయం పట్టుకుని గవర్రాజుగారు రెండోసారికి నా ముక్కు పట్టుకుని తనవైపు లాగారు. అజ్జరం అల్లుడి పుణ్యాన సాగిన ముక్కు, మగపెళ్ళివారి మేనమామ పుణ్యాన పక్కకి వంగిపోయింది.

నేను ఖాళీ అయ్యాక సందడి తగ్గింది. గవర్రాజుగారు ముద్ద కలుపుతూ తలెత్తి చూశారు.

"ఆ కౌంటర్లో ఉండేది నువ్వా?"

"ఆయ్, నేనేనండి."

"ఇన్నేళ్ళు నీతో పోట్లాడానే గానీ, ఇలా ఉంటావనుకోలేదమ్మా!"

"ఎలా ఉంటాననుకున్నారండి?"

ఆయన ముద్ద ఆకులో దించారు. "మీసాలుంటాయనుకున్నాను" అన్నారు.

బంతంతా పగలబడి నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది తాయారు. ఒక్కొక్కరూ మెడ సాచి ఆవిడ మొహం చూశారు, చూసి పక్కవాళ్ళకి చూపించారు. ఒక ముసలావిడ అయితే గడ్డం పట్టుకుని, "బంగారంలా ఉన్నావు కదే, ఆ గొంతు ఎవరిదే?" అంది. ఆ రోజు గవర్రాజుగారు లేచారు, నిజమే. పెరుగన్నం తిని, అరటిపండు తిని, కిళ్ళీ బుగ్గన పెట్టుకుని, అందరికంటే ఆఖర్న లేచారు.

నేను మాత్రం కొలువుకి పనికిరాకుండా పోయాను. వంగిన ముక్కుతో పోస్తే ధార ఎదురుగా ఉన్న ఆకులో కాక పక్క ఆకులో పడుతోంది. పక్కవాళ్ళు సంతోషించేవారనుకోండి, అయినా పద్ధతి కాదు కదా. తాయారు చేతికి కొత్త స్టీలు జారీ వచ్చింది. దాని ముక్కు నిటారుగా ఉంటుంది. దాని గురించి ఇంతకంటే మంచి మాట నేను చెప్పలేను.

నన్ను పాత బుకింగ్ కౌంటర్లో పెట్టారు. హాలంతా మార్చినా దాన్ని మాత్రం పడగొట్టలేదు. కొత్తగా వడ్డనకి చేరినవాళ్ళని తాయారు ముందు ఇక్కడే, నా పక్కన, ఒక పూట కూర్చోబెడుతుంది. బయట నిలబడి పాత పనివాళ్ళు ఒక్కొక్కరి చేతా కన్నంలో చెయ్యి పెట్టించి "వద్దు" అనిపిస్తుంది. ఏ చెయ్యి వెనక్కి పోతుందో, ఏ చెయ్యి ఉండిపోతుందో లోపలివాళ్ళు చెప్పాలి. భ్రమరాంబగారి వేళ్ళ సందుల పాఠం ఇప్పుడు భ్రమరాంబగారే చెప్పడం లేదు. సింహాద్రి మాత్రం ఇంకా అప్పడాలు చింపుతూనే ఉన్నాడు. జనం కూడా అలవాటుపడి, చింపకుండా ఇస్తే అనుమానంగా చూస్తున్నారు.

బంతి మొదలయ్యే ముందు తాయారు ఒకసారి నా దగ్గరికి వస్తుంది. కన్నంలోంచి నాకు ఆవిడ చెయ్యే కనిపిస్తుంది, చేతిలో నేతి గరిటె.

"ఏమే ముసలిదానా, ఒక్క చుక్క వెయ్యనా?" అంటుంది.

ఈ వయసులో నాకెందుకమ్మా, వద్దు, అంటాను.

ముక్కు మాత్రం వెనక్కి తీసుకోను.