వెతికిన మాట

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం, నా ఒంట్లో ఏం జరుగుతోందో నాకు తెలిసేలోపే మా ఆయనకి తెలిసిపోవడం.

పాప పాలు తాగుతుంటే కుడి రొమ్ములో ఏదో రాయిలా తగిలింది. అత్తయ్యతో చెబితే, "పాలు కట్టుంటాయిలే. ఇద్దర్ని పెంచాను, ఒక్కరోజన్నా మూలిగానా?" అంది. ఫోను ఆయన జేబులోనే ఉంటుంది. అందుకని టీకా వంకతో పాపని చంకనేసుకుని లైబ్రరీకి వెళ్లాను. తొమ్మిదిలో చదువు మాన్పించాక కంప్యూటరు ముందు కూర్చోవడం అదే మొదలు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ 'రొమ్ములో గడ్డ' అని కొట్టాను. అసభ్య పదం, పేజీ నిలిపివేశాం అని వచ్చింది.

లైబ్రేరియన్ గారు తలెత్తకుండానే రిజిస్టరు నా వైపు తోశారు. కార్డు నంబరు, వెతికిన మాట, కారణం రాస్తే పైవాళ్లు చూసి తెరుస్తారట.

"ఎన్ని రోజులండీ?"

"వారం. ఏం కొట్టావమ్మా? కాస్త పైకి చెప్పు."

చెప్పాను. పేపరు చదువుకుంటున్న ముగ్గురు పెద్దమనుషులూ ఒకేసారి తల తిప్పారు. రాద్దామని వంగితే, పై వరుసలో ఎవరిదో వణికిన రాత. కార్డు 318. 'కాన్పయ్యాక చచ్చిపోవాలనిపిస్తే ఏం చెయ్యాలి'. కారణం దగ్గర ఒక్క ముక్క: 'నాకే'.

దాని కిందే నాదీ రాసి వచ్చాను. మా కార్డు ఆయన పేరు మీద ఉంది. నేను ఇల్లు చేరేలోపే, నేను వెతికిన మాటతో సహా లైబ్రరీ నుంచి ఆయన ఫోనుకి మెసేజి వచ్చేసింది. "టీకా అని చెప్పి బూతులు చూసొస్తావా? పరువు తీశావు కదే!" అని కార్డు బీరువాలో పెట్టి తాళం వేశాడు. గడ్డ సంగతి అడగలేదు. ఐదో రోజుకి నేను జ్వరంతో పడిపోతే ఆసుపత్రిలో కోసి చీము తీశారు. "ముందే వస్తే మాత్రలతో పోయేది కదమ్మా," అంది డాక్టరమ్మ. పేజీకి అనుమతి ఆ తర్వాత వచ్చింది, అదీ ఆయన ఫోనుకే.

కట్టు విప్పిన రోజే, ఎవరికీ చెప్పకుండా మళ్లీ లైబ్రరీకి వెళ్లాను. 318 ఎదురుగా ఎర్ర సిరాతో 'తగిన కారణం లేదు' అని రాసి ఉంది.

"ఈవిడ ఇల్లెక్కడండీ?"

"ఇంకొకరి వివరాలు చెప్పకూడదమ్మా. రూలు."

నా చేత హాలంతా వినిపించేలా చెప్పించిన మనిషే అన్నాడు ఆ మాట.

మీ ఇంటి లైబ్రరీ కార్డు ఒకసారి తీసి చూడండి. అది 318 అయితే లోపలి గదిలో చంటిబిడ్డతో ఒకామె ఉంటుంది. అందరి ముందూ వద్దు. పక్కన కూర్చుని మెల్లగా అడగండి, ఎలా ఉన్నావమ్మా అని.