కళ్ళకద్దుకోని అన్నం

గురునాథరావు నోరు తెరవడం లేదు. భార్య దేముడమ్మ చెంచా పెదవులకి ఆనించిన ప్రతిసారీ గోడవైపు తిరిగిపోతున్నాడు. పక్షవాతం అతని మాటనీ కుడిచేతినీ తీసుకుపోయింది గాని, మింగడానికి అడ్డేమీ లేదని డాక్టరు చెప్పాడు. "తినలేక కాదమ్మా, తినడం లేదు. రేపటికీ ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వెయ్యాలి."

గొట్టమంటే దేముడమ్మకి వణుకు. ఆసుపత్రిలో వేసినప్పుడు ఎడంచేత్తో లాగి పారేశాడు. నెత్తురు కారింది. మళ్ళీ వేస్తే ఆ చేతిని మంచానికి కట్టేస్తారట.

"ఒక్క ముద్ద మావా. పప్పన్నమే, మెత్తగా పిసికినాను."

పక్కింటి కనకరత్నం గుమ్మంలోంచి తొంగిచూసింది. "ఇన్నాళ్ళకి నీ సేతివంట రుచి తెలిసొచ్చినట్టుంది అన్నకి!"

"నవ్వులాట కాదే రత్నం. మనిషి ఎండిపోతన్నాడు."

కనకరత్నం తలదించుకుని వెళ్ళిపోయింది.

దేముడమ్మ చెంచాని అతని ఎడంచేతిలో పెట్టింది. "పోనీ నువ్వే తిను. ఆ సెయ్యి బాగానే ఉంది కదేటి?"

విసిరికొట్టాడు. మెతుకులు నేలంతా చిందాయి.

"సచ్చిపోదామనేటి? నన్నేటి సెయ్యమంటావ్? సెప్పు!" అని అరిచి, చెప్పలేని మనిషిని చెప్పమన్నందుకు తనే ఏడ్చింది.

నిన్నటినుంచి తనూ తినలేదు. నేలమీద కూలబడి గిన్నె దగ్గరికి లాక్కుంది. తినబోతూ, అలవాటుగా అన్నాన్ని తాకి వేళ్ళు కళ్ళకద్దుకుంది. అసలు ఆ అలవాటు అతనిదే. పోర్టులో క్రేన్ ఎక్కేముందు నిచ్చెన మొదటి మెట్టుకి, పైన క్యాబిన్‌లో క్యారియర్ విప్పాక అన్నానికి అలా దండం పెట్టుకునేవాడు. "ఇవి ఉండబట్టే కదే మనం ఉన్నాం" అనేవాడు. కొత్తలో నవ్వింది. తర్వాత తనకీ అంటుకుంది.

మంచం మీద మూలుగు వినిపించింది. అతను గోడవైపు లేడు, ఆవిడ వేళ్ళనే చూస్తున్నాడు. ఎడంచేత్తో తన కుడిచేతిని పట్టుకుని పైకి లాగుతున్నాడు. అది జారిపోతోంది. మళ్ళీ లాగుతున్నాడు.

ఎడంచేత్తో అన్నం ముట్టని మనిషి. దండం పెట్టుకోనిదే తినని మనిషి. తనేమో ఇన్నిపూటలూ చెంచాతో సరాసరి నోట్లోకి.

"అయ్యో మావా... అదా?"

గిన్నె అతని ఒళ్ళో పెట్టింది. కుడిచేతి వేళ్ళు చల్లగా, కట్టెల్లా ఉన్నాయి. వాటిని విప్పి అన్నానికి తాకించింది. ఆ చేతిని రెండు చేతులతో ఎత్తి, ఒక కంటికీ మరో కంటికీ అద్దింది. వేళ్ళకి తడి అంటింది.

చెంచా జోలికి పోకుండా చేత్తోనే చిన్న ముద్ద చేసింది. పెదవులు వణికాయి గాని తెరుచుకోలేదు.

"మావా..." అంది, ముద్దని పెదవులకి ఆనించి.

నోరు కొంచెం తెరుచుకుంది. ముద్దలో సగం బుగ్గమీదుగా జారిపోయింది. గొంతు కదిలేదాకా ఆవిడ ఊపిరి పీల్చలేదు.

కదిలింది.

రెండో ముద్దకి ముందు, మళ్ళీ ఆ బరువైన చేతిని పైకెత్తింది.